11 కిలోమీటర్ల లోతు, ఆరున్నర అంగుళాల మణికట్టు

హైదరాబాద్‌లో ఒక పెద్ద వాచీల షోరూమ్. తెల్ల తొడుగులు వేసుకున్న కుర్రాడు నల్ల వెల్వెట్ పళ్ళెంలో తెచ్చిన వాచీని జాగ్రత్తగా నా ఎడమ చేతికి ఎక్కించాడు. పేరున్న స్విస్ కంపెనీది. సముద్రంలో మునిగే డైవర్ల కోసం చేసింది. "ఎన్ని వేల మీటర్లు దిగినా చుక్క నీరు దూరదు సార్" అన్నాడు. నమ్మాను. ఆ అద్దం మందం చూస్తే ఎవరైనా నమ్ముతారు.

చేయి కిందికి దించాను. వాచీ తన బరువుకు తానే జారి, మణికట్టు బయటివైపు ఎముక మీద ఆగింది. చొక్కా చేతి గుండీ పెట్టుకుందామంటే బట్ట వాచీ అంచుకు తగులుకుని ముందుకు రాలేదు. చైను తగిలించే కొమ్ములు రెండూ అటూ ఇటూ మణికట్టు దాటి గాల్లో నిలబడ్డాయి. నా మణికట్టు చుట్టుకొలత ఆరున్నర అంగుళాలు. మన దగ్గర అదేమీ చిన్నది కాదు. ఎంత ముచ్చటగా చేసిన వస్తువో కళ్ళారా చూస్తున్నాను, కానీ అది నా చేతిది కాదని చేతికి తెలిసిపోతోంది.

ఇంటికొచ్చి బీరువాలోంచి నాన్న హెచ్‌ఎంటీ తీశాను. అడ్డంగా కొలిస్తే 35 మిల్లీమీటర్లు. అల్లుడికి వాచీ, సైకిలు పెట్టే రోజుల్లో తాతయ్య కొనిపెట్టింది. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప నాన్న దాన్ని తీసినట్టు నాకు గుర్తులేదు. పొద్దున్నే కీ ఇచ్చి పెట్టుకుంటే, చేతికి వాచీ ఉందన్న సంగతి ఆయనకు మళ్ళీ టైము చూసుకున్నప్పుడే గుర్తొచ్చేది. ఆ రెండు వాచీలకూ మధ్య తేడా తొమ్మిది పది మిల్లీమీటర్లు. బియ్యపు గింజ పొడవుకు కాస్త ఎక్కువ. ఆ కాస్తలోనే ఒకటి ఒంట్లో భాగమైపోయింది, ఇంకొకటి మోయాల్సిన బరువైంది.

ఈ కొలత ఎవరు అడిగారు? అప్పటినుంచీ నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది.

నీళ్ళలో దిగినవాళ్ళు అడిగింది

మొదటినుంచీ పెద్దగా పుట్టిన డైవింగ్ వాచీ ఒకటుంది. ఇటలీ నౌకాదళం కోసం ఫ్లారెన్స్ నగరానికి చెందిన పనెరాయ్ సంస్థ 1936లో సిద్ధం చేసిన రేడియోమిర్. వెడల్పు 47 మిల్లీమీటర్లు. అంత పెద్దదవడానికి కారణాలు దానికి ఉన్నాయి. లోపలి యంత్రం అసలు జేబు గడియారానిది. రోలెక్స్ సరఫరా చేసింది. పెట్టుకునేవాళ్ళు రాత్రిపూట, మురికి నీళ్ళలో, శత్రువుల రేవుల్లోకి ఈదుకుంటూ పోయే నావికులు. మందపాటి రబ్బరు దుస్తుల మీద, పొడుగాటి తోలు పట్టీతో కట్టుకునేవారు. ఒంటికి తగిలించుకునే వాచీ కాదది, పని అయ్యాక విప్పి పక్కన పెట్టే పనిముట్టు.

డైవింగ్ వాచీ అనగానే ఇప్పుడు మన కళ్ళ ముందు మెదిలే రూపం మాత్రం 1953లో వచ్చింది. ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లోని బ్లాంక్‌పాన్ సంస్థ ఫిఫ్టీ ఫాథమ్స్‌ని తెచ్చింది. కంపెనీ అధిపతి జాన్ జాక్ ఫిష్టర్ స్వయంగా డైవరు. దక్షిణ ఫ్రాన్స్ సముద్రంలో ఒకసారి దిగినప్పుడు ఎంతసేపైందో లెక్క తప్పి, గాలి అయిపోయి, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. అదే సమయంలో ఫ్రెంచి నౌకాదళంలో ఈతగాళ్ళ దళాన్ని కడుతున్న రాబర్ట్ మలూబియే, క్లోడ్ రిఫో తమకు పనికొచ్చే వాచీ కోసం వెతుకుతున్నారు. ఫ్రాన్సుకే చెందిన లిప్ కంపెనీని అడిగితే, ఇలాంటి వాచీకి భవిష్యత్తు లేదని తిప్పి పంపింది. చివరికి ఫిష్టర్ దగ్గర తేలారు.

వాళ్ళు కోరినవి నల్లని డయలు, చీకట్లో వెలిగే లావు ముళ్ళు, ఒక్క చూపులో పోల్చుకోగలిగే గుర్తులు, మునిగిన క్షణం నుంచి నిమిషాలు లెక్కపెట్టుకోవడానికి బయట తిరిగే రింగు. అన్నీ కంటికి సంబంధించినవే. ఆ వాచీ వెడల్పు 41, 42 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. అది 33 నుంచి 36 మిల్లీమీటర్ల మగవాళ్ళ వాచీల కాలం. ఆ లెక్కన చాలా పెద్దదే. కొంతకాలానికే రోలెక్స్ సబ్‌మరీనర్ బజారులోకి వచ్చింది. తొలి మోడళ్ళు 37, 38 మిల్లీమీటర్లు, హామీ ఇచ్చిన లోతు 100 మీటర్లు. 1962లో 'డాక్టర్ నో' సినిమాలో షాన్ కానరీ చేతికి కనబడేది ఆ కుటుంబంలోదే.

ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 1956 నాటి ఒక చిన్న సంగతి. ఫిఫ్టీ ఫాథమ్స్‌ని చేసిన బ్లాంక్‌పానే, మూడేళ్ళకే దానికి ఒక చిన్న తమ్ముణ్ణి తెచ్చింది. పేరు బాతిస్కాఫ్. నీళ్ళలో దిగే మామూలు జనం ఒడ్డున కూడా రోజూ పెట్టుకోవడానికి వీలుగా ఉండాలని, 35 మిల్లీమీటర్ల దరిదాపుల్లో చేశారు. అంటే, సైన్యానికి పనికొచ్చిన 42 మిల్లీమీటర్లు ఇంటికీ ఆఫీసుకూ ఎక్కువని ఆ వాచీ పుట్టిన ఊళ్ళోనే, పుట్టిన కొత్తల్లోనే తెలుసుకున్నారు. డైవరు కూడా రోజులో ఇరవై మూడు గంటలు నేల మీదే ఉంటాడని వాళ్ళు మరిచిపోలేదు.

హీలియం తెచ్చిన మార్పు

1960లలో సముద్రం అడుగున చమురు తవ్వకాలు ఊపందుకున్నాయి. వందల మీటర్ల లోతున పైపులు బిగించాలి. దిగిన ప్రతిసారీ పైకి రావడానికి గంటలు, రోజులు పడుతుంటే పని సాగదు. అందుకని డైవర్లను ఓడ మీదే ఒత్తిడి నింపిన గదిలో వారాల తరబడి ఉంచడం మొదలుపెట్టారు. ఆ గదిలో పీల్చేది హీలియం కలిపిన గాలి. హీలియం అణువు ఎంత చిన్నదంటే నీటిని ఆపే రబ్బరు వాషరు దాన్ని ఆపలేదు. మెల్లగా వాచీలోకి చొరబడి కూర్చుంటుంది. పని ముగిసి గదిలో ఒత్తిడి తగ్గిస్తున్నప్పుడు, లోపల చిక్కుకున్న హీలియం బయటికి తన్ని అద్దాన్ని ఎగరగొడుతుంది.

దీనికి స్విట్జర్లాండ్ ఒక మందు కనిపెట్టింది, జపాన్ ఇంకో మందు కనిపెట్టింది. రోలెక్స్ 1967లో తెచ్చిన సీ డ్వెల్లర్‌కు, హీలియం తనంతట తాను బయటికి పోవడానికి పక్కన చిన్న కవాటం పెట్టింది. జపాన్ కంపెనీ సీకోకు 1968లో హిరోషిమా ప్రాంతం నుంచి ఒక డైవరు ఉత్తరం రాశాడు, మీ వాచీలు మా పనికి ఆగడం లేదని. ఇంజనీరు ఇకువో తోకునాగా బృందం ఏడేళ్ళు దాని మీద కూర్చుని 1975లో 600 మీటర్ల వాచీ తెచ్చింది. హీలియం అసలు లోపలికే రాకుండా, ఎల్ ఆకారపు వాషరుతో మూసేశారు. టైటానియం డొక్క, దాని చుట్టూ దెబ్బలు కాచే కవచం. డబ్బా చేపల టిన్నులా ఉంటుందని అభిమానులు ప్రేమగా ట్యూనా అని పిలుచుకుంటారు.

ఆ ట్యూనా అడ్డంగా 50 మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ దానికి బయటికి పొడుచుకొచ్చే కొమ్ములు లేవు. పట్టీ కవచం కిందినుంచే మొదలై నేరుగా కిందికి దిగుతుంది. అందుకని అంకెల్లో భయపెట్టినా మణికట్టు మీద గిన్నె బోర్లించినట్టు కుదురుకుంటుంది. అవసరం నుంచి పుట్టిన పెద్దతనానికీ ఊరికే పెంచిన పెద్దతనానికీ తేడా ఎక్కడుందో దాన్ని ఒకసారి పెట్టుకుంటే అర్థమవుతుంది.

లోతుకూ వెడల్పుకూ లంకె ఉందా?

వాచీ లోతుకు పోవాలంటే పెద్దగా ఉండాలని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. లెక్క వేస్తే అది తలకిందులుగా ఉంది.

నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఇంకో వాతావరణమంత ఒత్తిడి తోడవుతుంది. 3,900 మీటర్ల దగ్గర 390 రెట్లు. ఆ లోతున ఒక మామూలు వాచీ అద్దం మీద పడే బరువు రెండున్నర, మూడు టన్నులు. వంగకుండా, పగలకుండా నిలబడాలంటే అద్దం మందంగా ఉండాలి. ఎంత మందం కావాలన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: లోతు, అద్దం వెడల్పు. లోతు నాలుగింతలైతే మందం రెండింతలు చాలు. వెడల్పు రెండింతలైతే మాత్రం మందమూ రెండింతలు కావలసిందే. కాబట్టి ఒకే లోతుకు చిన్న వాచీ చేయడం తేలిక, పెద్దది చేయడం కష్టం. లోతు అడిగేది మందాన్ని. మందం పెరిగాక, సన్నటి మణికట్టు మీద స్తంభంలా నిలబడి ఎబ్బెట్టుగా ఉండకుండా వెడల్పు పెంచుతారు. వెడల్పు పెంచాక అద్దం ఇంకా మందం కావాలి. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి.

చిన్న వాచీలు ఎంత లోతుకు పోగలవో ఎప్పుడో తేలిపోయింది కూడా. 1978 నాటి సీ డ్వెల్లర్ 40 మిల్లీమీటర్ల డొక్కతోనే 1,220 మీటర్లకు హామీ ఇచ్చింది. 1982లో ఐడబ్ల్యూసీ కోసం ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే గీసిన ఓషన్ 2000 టైటానియం వాచీ, పేరులో ఉన్నట్టే 2,000 మీటర్లకు చేసింది. గులకరాయిలా నున్నగా, కొమ్ములే లేకుండా ఉంటుంది. దాన్ని నేను ఫొటోల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. డైవింగ్ వాచీల్లో అంతకంటే తెలివైన రూపం నాకు కనబడలేదు.

మరి మనిషి ఎంత లోతుకు వెళ్ళాడు? వీపున సిలిండరుతో దిగినవాళ్ళలో ఈజిప్టుకు చెందిన అహ్మద్ గబ్ర్ 2014లో ఎర్ర సముద్రంలో 332 మీటర్లు చేరాడు. ఫ్రాన్సుకు చెందిన కోమెక్స్ సంస్థ 1992లో ఒత్తిడి గదిలో 701 మీటర్లకు సమానమైన స్థితికి ఒక డైవరును తీసుకెళ్ళింది. సరదాకు దిగేవాళ్ళకు శిక్షణ సంస్థలు గీసిన గీత 40 మీటర్లు. మన విశాఖలో రుషికొండ దగ్గర దిగేవాళ్ళు అందులో నాలుగో వంతు లోతుకు పోతే గొప్ప. అంటే 1978 నాటి ఆ 40 మిల్లీమీటర్ల వాచీ, మానవ దేహం చూసిన, చూడగల లోతులన్నిటికీ అప్పుడే సరిపోయింది.

ఆపైన నడిచింది అంకెల పరుగు. 2008లో రోలెక్స్ డీప్‌సీ వచ్చింది. 44 మిల్లీమీటర్లు, 3,900 మీటర్లు, అద్దమే 5.5 మిల్లీమీటర్ల మందం, బరువు 200 గ్రాముల పైమాట. 2017లో సీ డ్వెల్లర్ 40 నుంచి 43కు పెరిగింది. 2022లో ఒమేగా ప్లానెట్ ఓషన్ అల్ట్రా డీప్ 45.5 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందంతో 6,000 మీటర్లు అంది. అదే ఏడాది రోలెక్స్ డీప్‌సీ ఛాలెంజ్ 50 మిల్లీమీటర్ల వెడల్పు, 23 మిల్లీమీటర్ల మందంతో 11,000 మీటర్లు అంది. భూమి మీద అంతకు మించిన లోతు లేదు కాబట్టి పందెం అక్కడ ఆగాలి.

ఈ వాచీలను నేను తక్కువ చేయను. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ట్రియెస్టే అనే నౌకలో మేరియానా అగాధంలోకి దిగినప్పుడు, ఆ నౌక బయట కట్టిన ఒక రోలెక్స్ దాదాపు 11 కిలోమీటర్ల లోతుకు పోయి నడుస్తూనే తిరిగొచ్చింది. 2012లో జేమ్స్ కామెరాన్ ఒంటరిగా అక్కడికి దిగినప్పుడూ ఇంకొకటి వెంట పోయింది. చదరపు సెంటీమీటరుకు టన్నుకు పైగా ఒత్తిడిని ఓర్చి టిక్కుమంటూ ఉండే యంత్రాన్ని చేయడం గొప్ప పనే. కానీ ఆ రెండుసార్లూ వాచీ ఉన్నది నౌక బయట. నౌకకు మణికట్టు ఉండదు, చొక్కా చేయీ ఉండదు.

చిత్రమేమిటంటే, ఈ పెరుగుదల మొదలయ్యే నాటికి డైవర్లు వాచీ మీద ఆధారపడటం మానేస్తున్నారు. 1983లో ఓర్కా ఎడ్జ్ అనే డైవ్ కంప్యూటరు వచ్చింది. ఎంత లోతున ఉన్నావు, ఎంతసేపు ఉండొచ్చు, ఎంత నెమ్మదిగా పైకి రావాలి, అన్నీ అదే లెక్కగట్టి చెబుతుంది. ఇవాళ డైవర్ల చేతికి ఉండేది అలాంటిదే. ముళ్ళ వాచీ పక్కన తోడుగా ఉంటుంది, ఉంటే.

పెద్దతనం ఫ్యాషనైన వేళ

కంపెనీలను మరింత ముందుకు తోసింది సినిమా. పనెరాయ్ 1993లో తన పాత సైనిక వాచీలను 44 మిల్లీమీటర్ల కొలతతో మామూలు జనానికి అమ్మకానికి పెట్టింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 'డేలైట్' చిత్రం చేస్తూ రోమ్‌లో ఉన్న సిల్వెస్టర్ స్టాలోన్ కంట అది పడింది. సినిమాలో పెట్టుకున్నాడు, స్నేహితులకూ పంచాడు. 1997కల్లా పెద్ద విలాస వస్తువుల సంస్థ ఒకటి ఆ వాచీల వ్యాపారాన్ని కొనేసింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు 44 అంటే మగతనం, 38 అంటే ముసలితనం అన్నట్టు నడిచింది. 2006లో 'క్యాసినో రాయల్'లో జేమ్స్ బాండ్ చేతికి 45.5 మిల్లీమీటర్ల ప్లానెట్ ఓషన్ వచ్చింది. 2007లో ఫిఫ్టీ ఫాథమ్స్ కూడా 45కు పెరిగి తిరిగొచ్చింది. పుట్టినప్పుడే పెద్దదనిపించుకున్న వాచీ అది.

ఆ రోజుల్లో వాచీ కొన్నవాళ్ళను నేను తప్పుపట్టను. అమెరికాలో స్థిరపడ్డ మా బంధువుల పిల్లవాడు మొదటి బోనసుతో అలాంటిదొకటి కొనుక్కున్నాడు. ఇప్పుడది పండుగలకు మాత్రమే బయటికొస్తుంది. కంప్యూటరు ముందు కూర్చుంటే చైను కీబోర్డుకు కొట్టుకుంటుందట, చంటిపిల్లను ఎత్తుకుంటే గీసుకుంటుందట. ఇష్టపడి, కష్టపడి కొనుక్కున్న వస్తువు పెట్టెలో ఉండిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

చేతికి ఏది కుదురుతుంది

వాచీ మీద రాసే వెడల్పు సగం నిజమే చెబుతుంది. దానికంటే ముఖ్యం పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస వరకు ఉన్న పొడవు. మణికట్టు పైభాగంలో బల్లపరుపుగా ఉన్న జాగా ఎంతో స్కేలు పెట్టి చూసుకోండి. ఆ పొడవు ఈ జాగాను దాటిందంటే కొమ్ములు గాల్లో నిలుస్తాయి, వాచీ ఊగుతుంది. తర్వాతది మందం. 12 మిల్లీమీటర్ల దాకా చొక్కా చేయి దాని మీదుగా జారుతుంది. 15 దాటితే ఇక జారదు. బరువు కంటే బరువు ఎక్కడుందన్నది చూడాలి. అంతా పైన ఉండి చైను పలచగా ఉంటే వాచీ రోజంతా పక్కకు ఒరుగుతూనే ఉంటుంది. టైటానియం ఉక్కులో సగం పైచిలుకు బరువే తూగుతుంది కాబట్టి పెద్ద వాచీకి అది కొంత ఊరట.

ఇంకో మాట. ఫోనుతో తీసిన ఫొటో చూసి నిర్ణయించుకోవద్దు. దగ్గరనుంచి తీస్తే ఏ వాచీ అయినా పళ్ళెమంత కనబడుతుంది. నిలువుటద్దం ముందు నిలబడి, చేయి మామూలుగా వదిలేసి చూడండి. ఎదుటివాళ్ళకు కనబడేది అదే.

అంకె ఒక్కటే చూస్తే ఎలా మోసపోతామో సబ్‌మరీనర్ చెబుతుంది. 1959 నుంచి అది 40 మిల్లీమీటర్లు. 2010లో వెడల్పు అలాగే ఉంచి కొమ్ములను లావు చేశారు; నలుచదరపు దిమ్మెలా మారింది. 2020లో 41కి పెంచారు, కొమ్ములు సన్నం చేశారు. అంకె పెరిగింది, వాచీ చేతి మీద సన్నబడింది.

మన ఎండలది వేరే లెక్క. మే నెలలో విజయవాడలో పొద్దున సరిపోయిన చైను మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది. చేయి ఉబ్బుతుంది, చెమట కింద చేరుతుంది. ఇక్కడ డైవర్ల కోసం పుట్టిన ఒక వసతి మనకు పనికొస్తుంది. తడి దుస్తుల మీద కట్టుకోవడానికి చైను కొండి దగ్గరే, ఏ పనిముట్టూ లేకుండా కాస్త వదులు చేసుకునే ఏర్పాటు ఉంటుంది. ఇప్పటి మంచి డైవింగ్ వాచీలు చాలావాటిలో ఉంది. సముద్రం చూడనివాళ్ళకు కూడా దాని విలువ ఎండాకాలంలో తెలుస్తుంది.

తిరిగే రింగు కూడా అంతే. అది గడియారానికి ఎదురు దిశలోనే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి కదిలినా గడిచిన సమయం ఎక్కువగా చూపిస్తుంది తప్ప తక్కువగా చూపించదు. డైవరు తొందరగా పైకి వస్తాడు, ప్రాణం దక్కుతుంది. ఇంట్లో ఇడ్లీ పొయ్యి మీద పెట్టగానే నేను ఆ రింగు తిప్పుతాను. డికాక్షన్ దిగడానికీ, మందు వేసుకుని అన్నం తినడానికి ఆగాల్సిన అరగంటకూ అదే లెక్క. అర్ధరాత్రి కరెంటు పోతే, వెలిగే ముళ్ళు టైము చెబుతాయి. ఇలా రోజూ అక్కరకొచ్చే పనులు ఏ ఒక్కటీ 44 మిల్లీమీటర్లు అడగవు.

మళ్ళీ చిన్నగా

ఈ మధ్య గాలి మారింది. ట్యూడర్ బ్లాక్ బే 2012లో 41 మిల్లీమీటర్లతో మొదలై, 2018లో బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్‌గా 39కి దిగింది. 2022లో ట్యూడర్‌దే మరో వాచీ పెలగాస్‌లో 42 పక్కన 39 వచ్చి చేరింది. ఫిఫ్టీ ఫాథమ్స్ తన డెబ్బయ్యో ఏట, 2023లో, 42.3 మిల్లీమీటర్ల రూపంలో మళ్ళీ కనబడి పుట్టినప్పటి కొలతకు దగ్గరైంది. అదే ఏడాది ట్యూడర్ బ్లాక్ బే 54 వచ్చింది. 1954లో ఆ కంపెనీ చేసిన మొదటి డైవింగ్ వాచీని తలుచుకుంటూ చేసింది. వెడల్పు అప్పుడూ 37 మిల్లీమీటర్లే, ఇప్పుడూ 37 మిల్లీమీటర్లే. అప్పుడు 100 మీటర్లు ఓర్చేది, ఇప్పుడు 200 ఓరుస్తుంది. మందం 11.2 మిల్లీమీటర్లు.

దాన్ని పెట్టి చూద్దామని ఈసారి మా అమ్మాయిని తోడు తీసుకెళ్ళాను. నిలువుటద్దం ముందు నిలబడి చేయి వదిలేశాను. చొక్కా చేయి దాని మీదుగా జారి మూసుకుంది. మళ్ళీ పైకి లాగి టైము చూశాను. తర్వాత మా అమ్మాయి పెట్టుకుంది. తన మణికట్టు నాదానికంటే అంగుళం తక్కువ. చైను కాస్త బిగించగానే ఆ చేతికీ కుదిరింది. రింగును ఒక్కో మెట్టూ టకటకమని తిప్పుతూ, "నాన్నా, ఇది నీదా నాదా?" అంది.